గులాబి తులిప్: కోనసీమ పెరట్లో, పూల బజారులో

తులిప్ చలిదేశాల దుంపజాతి పూలమొక్క. ఉల్లిపాయలాంటి దుంప, రెండు మూడు వెడల్పాటి ఆకులు, నిటారుగా లేచిన ఒక కాడ, ఆ కాడ చివర గిన్నెలా నిలిచే ఆరు రేకుల పువ్వు దీని రూపం. ఎరుపు, పసుపు, తెలుపు, ఊదా రంగుల్లో రకాలున్నా, తోటలో నాటడానికీ గుత్తులు కట్టడానికీ గులాబి రంగు రకాలకు ప్రత్యేకమైన ఆదరణ ఉంది.

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో అసలు తులిప్‌ను నేలలో నాటి ఏటేటా పూయించుకోవడం కుదరదు. చలికాలంలో కుండీలో ఒక్క పూత చూడవచ్చు. అలాంటి రూపం, అలాంటి రంగు ప్రతి ఏటా పెరట్లోనే కావాలనుకునేవారికి పసుపు జాతికే చెందిన సయాం తులిప్ ఉంది. ఈ వ్యాసం రెండింటినీ వివరిస్తుంది.

పేరు, పుట్టుక

తులిప్ లిల్లీ కుటుంబానికి చెందినది. శాస్త్రీయ నామం ట్యూలిపా. మధ్య ఆసియాలోని పామీరు, తియాన్‌షాన్ పర్వతాల వాలులు దీని పుట్టిల్లు. తలపాగాకు పారశీకంలో ఉన్న మాట నుంచి ఐరోపా భాషల్లో తులిప్ అన్న పేరు పుట్టింది. పువ్వు ఆకారం తలపాగాను తలపించడమే అందుకు కారణమంటారు. పారశీకులు, తుర్కులు మాత్రం దీన్ని లాలే అనే పిలిచారు. ఒట్టోమన్ సుల్తాను మూడో అహ్మద్ కాలంలో 1718 నుంచి 1730 వరకు సాగిన రోజులను చరిత్రకారులు తులిప్ యుగం అనే పిలుస్తారు.

ఈ దుంపలు 16వ శతాబ్దంలో తుర్కుల రాజ్యం నుంచి ఐరోపాకు చేరాయి. వృక్షశాస్త్రజ్ఞుడు క్లూసియస్ నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ తోటలో నాటిన దుంపలు 1594లో పూచాయి. ఆ తరువాత నలభై ఏళ్లకే అక్కడ దుంపల మీద బేరాలు హద్దు దాటాయి. 1637 ఫిబ్రవరిలో ధరలు కుప్పకూలి ఎందరో నష్టపోయారు. ఆనాడు అత్యధిక ధర పలికిన చారల పువ్వుల అందానికి కారణం ఒక వైరస్ అని 20వ శతాబ్దంలో తేలింది. నేటికీ ప్రపంచానికి తులిప్ దుంపలు అందించడంలో నెదర్లాండ్స్‌దే మొదటి స్థానం. తెలుగు ప్రేక్షకులు ఆ పూలచాళ్లను ‘అపరిచితుడు’ (2005) సినిమాలోని ఒక పాటలో చూసే ఉంటారు.

గులాబి రకాలు

తులిప్ రకాలను పువ్వు ఆకారాన్ని, పూసే కాలాన్ని బట్టి పలు తరగతులుగా విభజించారు. గులాబి రంగు దాదాపు అన్ని తరగతుల్లోనూ ఉంది. పొడవైన కాడ, పెద్ద పువ్వు ఉన్న ‘పింక్ ఇంప్రెషన్’ డార్విన్ సంకరజాతికి చెందినది. ‘డైనాస్టీ’ ట్రయంఫ్ తరగతి రకం. అడుగున తెలుపు, అంచుల వైపు గులాబి దీని లక్షణం. ‘ఏంజెలిక్’ ముద్దపువ్వు. లేత గులాబి రేకులు గుత్తంగా ఉండి చిన్న ముద్దగులాబిలా కనిపిస్తుంది. ‘చైనా పింక్’ రేకులు మొన తేలి బయటికి వంగుతాయి. ‘మెంటన్’ ఆలస్యంగా పూస్తుంది, కాడ పొడుగు. గుత్తులకు డార్విన్, ట్రయంఫ్ రకాలు అనువైనవి. కుండీలకు పొట్టి కాడ రకాలు మేలు.

అడవి జాతుల్లో ట్యూలిపా క్లూసియానాను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెల్లని రేకులకు బయటి వైపున గులాబి చార ఉంటుంది. ఇరాన్, అఫ్గానిస్తాన్ నుంచి పశ్చిమ హిమాలయాల వరకు ఇది పెరుగుతుంది. తోట రకాలంత చలి దీనికి అవసరం లేదు. అయినా గోదావరి డెల్టా శీతాకాలం దీనికీ చాలదు.

దుంప లోపల ఏముంది

నవంబరులో చేతికి వచ్చిన తులిప్ దుంపను నిలువునా రెండుగా కోసి చూస్తే ఈ మొక్క స్వభావం అర్థమవుతుంది. పైన గోధుమ రంగు పలుచని పొర. లోపల ఉల్లిపాయలో మాదిరి తెల్లని దళసరి పొరలు, వాటి నిండా పిండిపదార్థం. నడిమధ్యన లేత పసుపు రంగు మొలక. ఆ మొలకను సూదితో విప్పితే ఆరు బుల్లి రేకులు, ఆరు కేసరాలు, మూడు పాయల అండకోశం కనిపిస్తాయి. మనం నాటేనాటికే పువ్వు లోపల తయారై ఉంటుంది. అంతకు ముందు గడిచిన ఎండాకాలపు విశ్రాంతిలోనే దుంప ఆ పువ్వును కట్టుకుంది.

ఆ పువ్వు పైకి లేవాలంటే చలి కావాలి. 2 నుంచి 9 డిగ్రీల మధ్య, 12 నుంచి 16 వారాలు చలి తగిలితేనే దుంపలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, కాడకు సాగే శక్తి వస్తుంది. చలి చాలకపోతే కాడ సాగదు. మొగ్గ ఆకుల మధ్యనే చిక్కుకుని ఎండిపోతుంది. మన ప్రాంతంలో తులిప్ నాటి నిరాశపడినవారికి ఎదురయ్యేది చాలావరకు ఇదే. ఎరువులు ఎన్ని వేసినా ఈ లోటు తీరదు.

పూసిన తరువాత తల్లి దుంప కృశించి, దాని చోట పిల్ల దుంపలు తయారవుతాయి. అవి ఊరాలంటే పూత అయ్యాక కూడా కొన్ని వారాలు చల్లని పగళ్లు, ఆకుపచ్చని ఆకులు ఉండాలి. కోనసీమలో ఫిబ్రవరి నుంచే ఎండ ముదురుతుంది కాబట్టి ఆకులు త్వరగా మాడి, పిల్ల దుంపలు ఊరవు. అందువల్ల ఇక్కడ తులిప్‌ను ఒక్క పూత మొక్కగానే లెక్కవేసుకోవాలి.

మన దేశంలో తులిప్

భారతదేశంలో తులిప్ నేలలో నిలిచేది హిమాలయ ప్రాంతాల్లోనే. శ్రీనగర్‌లో దాల్ సరస్సుకు ఎదురుగా, జబర్వాన్ కొండల పాదాల వద్ద ఇందిరాగాంధీ స్మారక తులిప్ ఉద్యానవనం 2007లో ప్రారంభమైంది. దాదాపు 30 హెక్టార్ల ఈ తోట మార్చి చివర తెరుచుకుని మూడు నాలుగు వారాలు కళకళలాడుతుంది. 15 లక్షల పూలు, 68 రకాలతో ఇది ఆసియాలోకెల్లా పెద్ద తులిప్ తోటగా 2023లో వరల్డ్ బుక్ ఆఫ్ రికార్డ్స్‌లో చేరింది. హిమాచల్‌ప్రదేశ్ పాలంపూర్‌లోని హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ దేశంలోనే దుంపలు తయారుచేసే పని చేపట్టింది. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ చలి పెట్టిన దుంపలను చలికాలంలో నాటించి, ఫిబ్రవరిలో రోడ్ల కూడళ్లలో పూయిస్తోంది. ఢిల్లీ అనుభవం మనకు పనికొస్తుంది. అక్కడ కూడా పూత ఒక్క ఏడాదిదే, మరుసటి ఏడు మళ్లీ కొత్త దుంపలే.

విదేశాల్లోని తెలుగువారికి తులిప్ ఏటా కనిపించే పువ్వే. అమెరికాలో సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న స్కాజిట్ లోయలో ప్రతి ఏప్రిల్‌లో తులిప్ పండుగ జరుగుతుంది. అలాంటి చోట్ల నుంచి ఊరికి వచ్చేటప్పుడు పెట్టెలో దుంపలు పెట్టుకు రావాలనిపించడం సహజం. కానీ అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కల భాగాలను దేశంలోకి తేవడం 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుకు విరుద్ధం. దుంప వెంట వచ్చే తెగులు కొబ్బరి తోటలకూ పసుపు మళ్లకూ పాకితే నష్టం ఊరందరిదీ. దిగుమతి చేసుకున్న దుంపలను అమ్మే దేశీయ వర్తకుల దగ్గర కొనడమే పద్ధతి.

కోనసీమ నేల, గాలి

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా జిల్లా అయిన కోనసీమ గోదావరి డెల్టాలో భాగం. కొత్తపేట, రావులపాలెం వైపు ఒండ్రు మట్టి, లంక భూములు. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఇసుక పాలు పెరుగుతుంది. ఎటు చూసినా కొబ్బరి. చలికాలపు రాత్రులు సాధారణంగా 18 నుంచి 20 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువ. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే పల్లపు లంకలు మునుగుతాయి.

ఈ వాతావరణం తులిప్‌కు ప్రతికూలం. పసుపు, అల్లం, అరటి, కంద లాంటి వెచ్చని నేలల మొక్కలకు మాత్రం ఇంతకంటే మంచి చోటు దొరకదు. సయాం తులిప్ ఈ రెండో కోవలోనిది.

కుండీలో ఒక పూత

అసలు తులిప్‌ను ఒక్కసారైనా ఇంట్లో చూడాలనుకునేవారు అక్టోబరులోనే పని మొదలుపెట్టాలి. ముందే చలి పెట్టిన దుంపలు దొరికితే శ్రమ తగ్గుతుంది. అలా దొరకనప్పుడు దుంపలను చిల్లుల కాగితపు సంచిలో వేసి ఫ్రిజ్ కింది అరలో 12 వారాలకు తగ్గకుండా ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. అదే ఫ్రిజ్‌లో ఆపిల్, అరటి లాంటి పండ్లు ఉంచకూడదు. పండే కాయల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు దుంపలోని మొగ్గను చంపేస్తుంది.

నాటడానికి డిసెంబరు చివరి వారం నుంచి జనవరి మధ్య వరకు అనువైన సమయం. కొబ్బరి పొట్టు, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, అడుగున చిల్లులున్న మట్టి కుండీలో నింపాలి. దుంప మొన పైకి ఉండేలా దగ్గర దగ్గరగా నాటి, పైన కొద్దిగా మట్టి కప్పితే చాలు. ప్లాస్టిక్ కుండీ కంటే మట్టి కుండీ మంచిది. చెమ్మ బయటికి ఆవిరవుతూ వేరును చల్లగా ఉంచుతుంది. తూర్పు వసారాలో, ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట పెట్టి, పొద్దున్నే చల్లని నీళ్లు పోయాలి.

చలి బాగా పట్టిన దుంపలు ఇక్కడి వెచ్చదనానికి నాలుగైదు వారాల్లోనే పూతకు వస్తాయి. కాడ శ్రీనగర్‌లో అంత పొడవు సాగదు. తులిప్ రేకులు చల్లదనానికి ముడుచుకుని, వెచ్చదనానికి విచ్చుకుంటాయి. మన మధ్యాహ్నపు వేడికి గిన్నెలాంటి పువ్వు పళ్లెంలా తెరుచుకుని మూడు నాలుగు రోజుల్లో రాలిపోతుంది. మొగ్గకు సగం రంగు రాగానే కుండీని ఇంట్లో చల్లని గదిలోకి మార్చుకుంటే మరో రెండు మూడు రోజులు గిన్నె ఆకారం నిలుస్తుంది.

సయాం తులిప్

దీని శాస్త్రీయ నామం కర్కుమా అలిస్మటిఫోలియా. పేరులో తులిప్ ఉన్నా లిల్లీ కుటుంబంతో సంబంధం లేదు. మనం వంటలో వాడే పసుపుదీ దీనిదీ ఒకే ప్రజాతి. థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా దీని పుట్టిళ్లు. థాయ్‌లాండ్‌లోని చైయఫూమ్ ప్రావిన్సులో వానలు పడగానే బయళ్లు దీని పూలతో గులాబి రంగుకు తిరుగుతాయి. వాటిని చూడడానికి అక్కడ ఏటా పండుగలా జనం వస్తారు. ‘చియాంగ్ మాయ్ పింక్’ ప్రపంచమంతటా పేరున్న రకం.

పువ్వును దగ్గరగా చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. తులిప్ గిన్నెలా కనిపించే గులాబి భాగం రేకులు కావు, రంగు పట్టిన పుష్పపుచ్ఛాలు. వాటి కింద ఆకుపచ్చ దొప్పల్లాంటి పుచ్ఛాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుంటాయి. ఒక్కో దొప్పలోంచి చిటికెన వేలి గోరంత ఊదా పువ్వు తొంగిచూస్తుంది. అదే అసలు పువ్వు. అది ఒక్క రోజులో వాడుతుంది, మరునాడు మరొకటి విచ్చుకుంటుంది. పైనున్న గులాబి పుచ్ఛాలు మాత్రం వారాల తరబడి చెక్కుచెదరవు. తులిప్ పువ్వు మన వేడికి నాలుగు రోజుల్లో రాలితే, ఇది ఇన్నాళ్లు నిలవడానికి కారణం ఇదే.

మన తూర్పు కనుమల్లోనూ తొలకరి వేళ గులాబి తురాయితో పూసే అడవి పసుపు జాతులున్నాయి. ఈ రంగు, ఈ రూపం మన అడవులకు కొత్తవి కావు.

కొబ్బరి నీడలో సాగు

సయాం తులిప్ కొమ్ము చిన్నది. దాని కింద నీటిని, పిండిపదార్థాన్ని దాచుకునే బుడిపెల వేర్లు వేలాడుతుంటాయి. ఆ బుడిపెలు మూడు నాలుగైనా ఉన్న కొమ్మునే నాటాలి. బుడిపెలు విరిగిన కొమ్ము మొలిచినా పూత ఆలస్యమవుతుంది.

ఏప్రిల్, మే నెలలు నాటడానికి సరైన సమయం. ఇసుక కలిసిన ఒండ్రులో, అడుగు ఎత్తు బోదెలు పోసి, బాగా మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలపాలి. అయిదారు సెంటీమీటర్ల లోతులో, జానెడు దూరానికి ఒక కొమ్ము చొప్పున పెట్టాలి. మొలక వచ్చేదాకా నీరు పలుచగా ఇచ్చి, ఆకులు విచ్చాక క్రమంగా పెంచాలి. నాటిన రెండు నెలల నుంచి పూత మొదలై వానాకాలమంతా సాగుతుంది. అంటే శ్రావణమాసపు వ్రతాలకూ పెళ్లిళ్లకూ పువ్వు అందివస్తుంది.

కొబ్బరి తోటలో ఎనిమిదేళ్ల లోపు చెట్ల మధ్య, పాతికేళ్లు దాటిన పొడుగు చెట్ల కింద అంతర పంటకు తగిన వెలుతురు దొరుకుతుంది. మధ్య వయసు తోటలో నీడ చిక్కగా ఉండి పూత పలుచబడుతుంది. పూర్తి ఎండలో పుచ్ఛాల కొసలు మాడతాయి కాబట్టి ముదురు తోటల పలుచని నీడే దీనికి సరిపోతుంది. దింపు రోజున కాయలు, మట్టలు మొక్కల మీద పడకుండా చెట్టు మొదలు చుట్టూ రెండు మీటర్ల మేర వదిలి నాటాలి. కొబ్బరిలో అంతర పంటల గురించి సలహా కావలసిన రైతులకు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దగ్గరలోనే ఉంది.

లంక భూముల్లో, వరద నీరు నిలిచే పల్లాల్లో దీన్ని వేయకూడదు. నీరు నిలిస్తే కొమ్ము కుళ్లుతుంది. అలాంటి ఊళ్లలో కుండీలు, ఎత్తు మళ్లు మాత్రమే క్షేమం.

పగలు తగ్గే కొద్దీ ఆకులు పసుపు రంగుకు తిరిగి మొక్క నిద్రలోకి వెళుతుంది. మొక్క చచ్చిపోయిందని చాలామంది ఈ దశలోనే కుండీ పారబోస్తారు. అలా చేయకూడదు. నీరు ఆపి, డిసెంబరు, జనవరిల్లో కొమ్ములు తవ్వి, మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో దాచుకోవాలి. ఒక్క కొమ్ము ఏడాది తిరిగేసరికి మూడు నాలుగు అవుతుంది. విత్తనం కోసం మళ్లీ ఖర్చు పెట్టనక్కరలేదు.

కోత, నిల్వ

తులిప్‌ను మొగ్గ దశలో, సగం రంగు వచ్చినప్పుడు కోస్తారు. కోసిన తరువాత కూడా కాడ సాగుతూ, వెలుతురు వైపు వంగుతుంది. కాబట్టి కాగితంలో నిటారుగా చుట్టి, నాలుగు వేళ్ల లోతు చల్లని నీటిలో ఒక పూట నిలబెట్టి తరువాత అలంకరించాలి. అప్పుడే కోసిన డాఫొడిల్ పూలతో కలిపి ఒకే నీటిలో ఉంచితే వాటి జిగురు రసానికి తులిప్ త్వరగా వాడుతుంది.

సయాం తులిప్ ఇందుకు విరుద్ధం. కోసిన తరువాత ఇది విచ్చుకోదు. గులాబి పుచ్ఛాలు పూర్తిగా తెరుచుకుని, కింది దొప్పల్లో రెండు మూడు ఊదా పూలు కనిపించినప్పుడు కోయాలి. తెల్లవారుజామున పదునైన కత్తితో కోసి వెంటనే నీళ్ల బకెట్‌లో పెట్టాలి. రోజు విడిచి రోజు నీరు మార్చి, కాడ చివర కొద్దిగా కత్తిరిస్తే పది రోజుల నుంచి రెండు వారాల వరకు నిలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఇది వెచ్చని దేశపు పువ్వు కాబట్టి అతి చలికి పుచ్ఛాలు నల్లబడతాయి.

తెగుళ్లు, జాగ్రత్తలు

తులిప్ దుంప మెత్తబడి పుల్లని వాసన వస్తే ఫ్యుసేరియం కుళ్లు సోకినట్టే. దాన్ని మిగతా వాటితో కలపకుండా పారేయాలి. దుంపను చేతులతో ఎక్కువసేపు పట్టుకునేవారికి చర్మం దురద పెట్టి పగలవచ్చు, చేతి తొడుగులు వాడాలి. కుక్కలు, పిల్లులు దుంప తింటే విషమవుతుంది.

సయాం తులిప్‌కు పసుపు పంటకు వచ్చే తెగుళ్లే వస్తాయి. దుంపకుళ్లు, ఆకుమచ్చ ముఖ్యమైనవి. బాక్టీరియా ఎండు తెగులు మరింత ప్రమాదకరం. మొక్క పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాలిపోతుంది. అల్లం, పసుపు, టమాటా, వంగ, మిరప వేసిన మడిలో ఈ మొక్క వెంటనే నాటకూడదు. నాటే ముందు కొమ్ములను లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన ద్రావణంలో అరగంట ముంచి నీడలో ఆరనివ్వాలి. ట్రైకోడెర్మా విరిడిని పశువుల ఎరువులో కలిపి బోదెల్లో వేస్తే కుళ్లు తగ్గుతుంది.

తులిప్ పేరున్న చెట్లు, తోడు పూలు

నర్సరీలో తులిప్ అని అడిగితే వేరే మొక్క చేతిలో పెట్టే అవకాశం ఉంది. కాలువ గట్ల మీద మనం రోజూ చూసే గంగరావిని ఇంగ్లీషువారు భారత తులిప్ చెట్టు అన్నారు. దాని పువ్వు పొద్దున లేత పసుపు, సాయంత్రానికి గులాబి ఎరుపు. ఎర్రని పూల ఆఫ్రికన్ తులిప్ చెట్టు మరొకటి. కాబట్టి సయాం తులిప్ కావాలంటే ‘కర్కుమా’ అన్న మాటతో, ఫొటో చూపించి అడగడం మంచిది.

గులాబి రంగు తోట ఏడాది పొడవునా ఉండాలంటే తోడు మొక్కలు కావాలి. అక్టోబరులో గులాబి గ్లాడియోలస్ నాటితే సంక్రాంతి దాటాక పూస్తుంది. వాన పడగానే గులాబి వాన లిల్లీలు నేలను కప్పుతాయి. నేల సంపెంగలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ‘ప్రజ్వల్’ రకం మొగ్గలకు గులాబి ఛాయ ఉంటుంది. చెరువుంటే ఎర్ర తామర సరేసరి.

బజారు

కోనసీమ నుంచి జొన్నాడ వంతెన దాటి కొద్ది దూరం వెళితే కడియపులంక పూల బజారు వస్తుంది. అక్కడి విడిపూల వ్యాపారంలో బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం, మల్లె ప్రధానం. ఇవన్నీ దండకో జడకో దేవుడి పటానికో వెళ్లే పూలు. కాడతో అమ్మే పువ్వులకు ఇప్పుడు పెళ్లి మండపాలు, ఫంక్షన్ హాళ్లు కొత్త గిరాకీ తెచ్చాయి. ఆ గులాబీలు, జెర్బెరాలు బెంగళూరు, హొసూరు వైపు నుంచి మంచుపెట్టెల్లో వస్తాయి. మంచుపెట్టె అవసరం లేకుండా రెండు వారాలు నిలిచే గులాబి పువ్వు ఇక్కడే పండితే రైతుకూ మండపం కట్టేవారికీ మేలే. అయితే ఎకరాల్లో వేసే ముందు రెండు మూడు సెంట్లలో వేసి, కొనేవారిని మాట్లాడుకుని, ఒక వానాకాలం గడిచాక విస్తరించడం వివేకం.

అసలు తులిప్‌ను కోనసీమలో ఒక సంక్రాంతి అతిథిలా పిలవాలి, వచ్చిన నాలుగు రోజులు ఆదరించి పంపాలి. ఇంటి బిడ్డలా పెరగవలసినది మన పసుపుకు చుట్టమైన సయాం తులిప్. ఈ వేసవిలో పది కొమ్ములు తెచ్చి కొబ్బరి నీడలో ఒక బోదె వేయండి. పూత అయ్యాక ఆకులు ఎండితే తవ్వి పారేయకండి, కొమ్ము నిద్రపోతోందంతే.